మిద్దె మీద గుబురు టమాట, గ్రిల్లులో వేలాడే టమాట: కుండీల్లో ఎలా పెంచాలి

టమాట కిలో వంద దాటిందంటే చాలు, అందరికీ మిద్దె తోట గుర్తొస్తుంది. 2023 జూలైలో అయితే మరీనూ. ఆ ఊపులో నడి వానాకాలంలో నారు తెచ్చి, దొరికిన బకెట్లో పెడతారు. నాలుగు ముసుర్లకు వేరు కుళ్లుతుంది, బతికిన మొక్కకు ఆకు ముడుచుకుపోతుంది. "మా మిద్దె మీద టమాట రాదు" అని తేల్చేసి, ఆ బకెట్లో బట్టలు నానబెట్టుకుంటారు.

ముందే ఒక మాట చెప్పేస్తాను. మార్కెట్లో ధర మండేటప్పుడు మీ మిద్దె మీద కూడా టమాట ఉండదు. జూన్, జూలైల్లో ధర పెరగడానికి పెద్ద కారణమే ఏప్రిల్, మే ఎండలకు చేలల్లో పూత నిలవకపోవడం. ఆ ఎండ మీ ఇంటి మీద ఇంకాస్త ఎక్కువే కాస్తుంది, ఎందుకంటే కింద స్లాబు కూడా కాలుతుంది. వరంగల్‌లో మిద్దె టమాట డిసెంబర్ నుంచి మార్చి దాకా పండుతుంది. అంటే రైతు బజార్లో టమాట చవగ్గా దొరికే రోజుల్లో. డబ్బులు మిగులుతాయని మొదలుపెట్టేవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు. చెట్టు మీద రంగు తిరిగిన పండు కోసి అదే పూట చారు పెట్టుకోవాలనుకునేవాళ్లకు, ఏ మందు కొట్టారో తెలిసిన కాయ పిల్లలకు పెట్టాలనుకునేవాళ్లకు మిగతాది రాస్తున్నాను.

ఏ రకం పెట్టాలి

కుండీలో టమాట రాకపోవడానికి సగం కారణం రకం దగ్గరే ఉంటుంది. టమాటలో తీగలా పెరుగుతూనే పోయేవి ఉంటాయి, కొంత ఎత్తుకు కొమ్మ చివర పూగుత్తి వేసి అక్కడితో ఆగిపోయేవి ఉంటాయి. మొదటివాటిని ఇన్‌డిటర్మినేట్ అంటారు. ఆరేడు అడుగులు పోతాయి, పందిరి కావాలి, పెద్ద వేరు కావాలి. రెండోవి డిటర్మినేట్, మన మాటలో గుబురు టమాట. రెండు మూడు అడుగుల్లో పొదలా సర్దుకుంటాయి, మూడు నుంచి ఆరు వారాల్లో కాపు మొత్తం ఇచ్చేస్తాయి. వీటి మధ్య సెమీ డిటర్మినేట్ రకాలున్నాయి. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ ఐఐహెచ్ఆర్ వాళ్ల అర్క రక్షక్ అలాంటిదే. ఆకుముడత వైరస్, వాడు తెగులు, ఆకుమాడు తెగులు మూడింటినీ తట్టుకునే హైబ్రిడ్. మిద్దె మీద ఎండ, చోటు బాగా ఉంటే పెట్టండి, కానీ గట్టి ఊతం ఇవ్వాల్సిందే.

అసలైన గుబురు రకాల్లో తమిళనాడు పెరియకుళం నుంచి వచ్చిన పీకేఎం-1, ఢిల్లీ వ్యవసాయ పరిశోధన సంస్థ ఐఏఆర్ఐ వాళ్ల పూసా ఎర్లీ డ్వార్ఫ్, పూసా గౌరవ్ ఉన్నాయి. రోమా కూడా గుబురే. కోలకాయ, కండ ఎక్కువ, తొక్కుకు బాగుంటుంది. ఇంకా చిన్నవి కావాలంటే టైనీ టిమ్, మైక్రో టామ్. మైక్రో టామ్ జానెడు కూడా దాటదు, ఎనిమిది ఇంచుల కుండీలో కిటికీలో కాస్తుంది. అయితే అది పిల్లల సరదాకే గానీ కూరకు చాలదు.

వేలాడే టమాట అంటే టంబ్లింగ్ టామ్, టంబ్లర్ లాంటివి. ఇవి నిలబడవు. కొమ్మలు మెత్తగా ఉండి బుట్ట అంచు దాటి కిందికి జారతాయి, కొమ్మ పొడవునా చెర్రీ సైజు పండ్లు గుత్తులుగా వేలాడతాయి. ఎరుపు, పసుపు రెండూ ఉన్నాయి. విత్తనాలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. కొనేటప్పుడు జాగ్రత్త, చెర్రీ టమాట అని మాత్రమే రాసి ఉన్న ప్యాకెట్లలో చాలావరకు తీగ రకాలే ఉంటాయి. బొమ్మ చూసి మోసపోకండి. ప్యాకెట్ మీద డిటర్మినేట్ అనో, డ్వార్ఫ్ అనో, బుట్టలకు అనో స్పష్టంగా ఉంటేనే తీసుకోండి.

వంటింట్లో మెత్తబడ్డ టమాట పిండి కుండీలో వేస్తే మొలవదా అని అడుగుతారు. మొలుస్తుంది, గుంపుగా మొలుస్తుంది. కానీ బజారు కాయల్లో ఎక్కువ హైబ్రిడ్లు కాబట్టి తల్లి లక్షణం రాదు, గుబురో తీగో కూడా ముందు తెలియదు. మూడు నెలలు నీళ్లు పోయాల్సిన మొక్కకు ప్యాకెట్ ఖర్చు దగ్గర లెక్కలు వేసుకోవడం దండగ.

కాలం లెక్క

పువ్వు పిందె కావాలంటే రాత్రి చల్లబడాలి. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా 25 కిందికి దిగకపోతే పుప్పొడి పనిచేయదు, పూత రాలిపోతుంది. ఎండల వార్తల్లో రామగుండం, జగిత్యాల, నిజామాబాద్ పేర్లు ఏటా వింటూనే ఉంటాం, కాబట్టి ఉత్తర తెలంగాణలో వేసవి కాపు మీద ఆశ పెట్టుకోకండి. డిసెంబర్‌లో వరంగల్ రాత్రులు 15 డిగ్రీల దగ్గరికి వస్తాయి, టమాటకు అంతకన్నా ఏం కావాలి. ఆదిలాబాద్ వైపు 10 కిందికి కూడా పోతుంది. అక్కడ మాత్రం చలి ముదిరే లోపే మొదటి పూత పిందె పడేలా ఓ రెండు వారాలు ముందు మొదలుపెట్టండి.

పండుగల లెక్కన గుర్తుపెట్టుకుంటే తేలిక. వినాయక చవితి అయ్యాక గింజలు వేయండి. సద్దుల బతుకమ్మకూ దసరాకూ నారు కుండీలోకి మారాలి. కార్తీకంలో పూత, పిందె. సంక్రాంతికి ముందే మొదటి పండ్లు. గుబురు రకం కాపంతా ఒకేసారి ఇచ్చి ఊరుకుంటుంది కాబట్టి, దసరా తర్వాత ఇంకో విడత గింజలు వేసుకుంటే ఫిబ్రవరి, మార్చి నెలలు కూడా గడుస్తాయి. జనవరి దాటాక కొత్తగా వేయకండి, ఆ మొక్క పూతకు వచ్చేసరికి ఎండలు ముదురుతాయి.

చోటు, కోతులు

కనీసం ఆరు గంటల ఎండ తగలాలి. మిద్దె మీద దానికి కొరత లేదు. అపార్ట్‌మెంట్ బాల్కనీల్లోనే చూసుకోవాలి. దక్షిణం వైపు బాల్కనీ ఉన్నవాళ్లు అదృష్టవంతులు. మనం దాదాపు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉన్నాం. డిసెంబర్‌లో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు దక్షిణానికి బాగా వాలి ఉంటాడు, ఎండ బాల్కనీ లోపలి గోడ దాకా వస్తుంది. మే మధ్య నుంచి జూలై చివరి దాకా మధ్యాహ్నం సూర్యుడు నెత్తి మీద నుంచి కాస్త ఉత్తరానికే జరుగుతాడు, అప్పుడు అదే బాల్కనీకి నీడ వస్తుంది. టమాటకు సరిగ్గా ఇదే కావాలి. తూర్పు బాల్కనీ పర్వాలేదు. పడమర అయితే సంక్రాంతి దాకా బాగుంటుంది, శివరాత్రి దాటాక సాయంత్రం ఎండకు మొక్క వాడుతుంది. ఉత్తరం బాల్కనీలో చలికాలం ఎండే రాదు. అక్కడ టమాట పెట్టి బాధపడేకన్నా పుదీనా పెట్టుకోండి.

ఇక కోతులు. హన్మకొండలో గానీ కరీంనగర్‌లో గానీ మిద్దె తోట గురించి రాస్తూ కోతుల మాట ఎత్తకపోతే అది ఉత్త కబుర్లే. పచ్చ షేడ్ నెట్ వాటికి అడ్డం కాదు, చింపుతాయి. బొమ్మ పాములకు నాలుగు రోజుల్లో అలవాటుపడతాయి. ఎండిన చేప కంపు అని ఒకరు, టపాసులు అని ఇంకొకరు చెబుతారు, ఏదీ నిలవదు. గట్టిగా పనిచేసేది ఇనుప జాలీ ఒక్కటే. వేలాడే టమాట మన ఊళ్లకు పనికొచ్చేది అందుకే. ఇప్పటికే గ్రిల్లు బిగించిన బాల్కనీలో, కిటికీ లోపలి వైపు రెండు బుట్టలు వేలాడదీస్తే కోతి చెయ్యి అందదు, నేల మీద చోటూ పోదు. ఓపెన్ మిద్దె ఉన్నవాళ్లు గుబురు మొక్కలు పెట్టుకుని, కాయ నిండా ఎర్రబడకముందే కోసేయాలి. ఆ సంగతి కోత దగ్గర చెబుతాను.

కుండీ, బుట్ట

గుబురు టమాటకు మొక్కకు 15 నుంచి 20 లీటర్ల మట్టి ఉండాలి. లోతు అడుగు తగ్గకూడదు. 20 లీటర్ల పెయింట్ బకెట్ దీనికి అచ్చంగా సరిపోతుంది, ఇల్లు రంగులు వేయించిన వాళ్లింట్లో ఊరికే దొరుకుతుంది. లోపల అంటుకున్న రంగు పొర గీకి, రెండుసార్లు కడగండి. సన్న ఇనుప కడ్డీ పొయ్యి మీద ఎర్రగా కాల్చి అడుగున ఏడెనిమిది రంధ్రాలు చెయ్యండి, చిటికెన వేలు దూరేంత. అడుగున మాత్రమే చేస్తే బకెట్ నేలకు ఆనుకుని అవి మూసుకుపోతాయి. కాబట్టి అడుగుకు ఒక అంగుళం పైన, పక్కల్లో ఇంకో నాలుగు పెట్టండి. ప్లాస్టిక్ కాలిన పొగ మంచిది కాదు, ఈ పని బయట గాలిలో చేసుకోండి. గ్రో బ్యాగ్ (మొక్కలు పెంచే సంచి) అయితే 15 ఇంచులది. నల్లదాని కన్నా తెల్లది నయం, వేరు ఉడకదు.

రంధ్రాల మీద ఒక్కో పెంకు ముక్క పెట్టడం చాలు. అడుగున రెండు ఇంచుల కంకర పోయమని చాలామంది చెబుతారు, నేనైతే వద్దంటాను. కంకర వల్ల నీళ్లు బాగా దిగుతాయన్నది భ్రమ. తడి దాని పైన మట్టిలోనే ఆగిపోతుంది, వేరుకు దొరకాల్సిన లోతు కంకరకు పోతుంది.

తడిసిన 20 లీటర్ల బకెట్ బరువు 20 కిలోలకు తగ్గదు. పాత ఇళ్ల స్లాబు మధ్యలో గుంపుగా పెట్టకుండా, గోడల వెంట, దూలాల మీదుగా సర్దండి. కింద రెండు ఇటుకలు పెట్టి ఎత్తితే నీళ్లు జారిపోతాయి, స్లాబు వేడి తగలదు, ఊడ్చుకోవడానికీ వీలుంటుంది.

వేలాడే రకానికి 12 ఇంచుల వెడల్పు, 8 ఇంచుల లోతు బుట్టకు ఒకే మొక్క. కొబ్బరిపీచు పొర వేసిన ఇనుప బుట్టలు చూడటానికి బాగుంటాయి గానీ మన గాలికి మధ్యాహ్నానికే ఎండుతాయి. కొంటే లోపల పాత యూరియా సంచి ముక్క పరిచి, అడుగున మాత్రం చిల్లులు పెట్టండి. మామూలు ప్లాస్టిక్ బుట్టే మేలు. తడి బరువు ఏడెనిమిది కిలోలు ఉంటుంది కాబట్టి బట్టల తీగకు తగిలించకండి, సీలింగు కొక్కేనికో గ్రిల్లు అడ్డ కమ్మీకో కట్టండి. మీ కంటి ఎత్తులో ఉండాలి. చెయ్యెత్తినా అందని చోట పెట్టిన బుట్టకు వారం తర్వాత ఎవరూ నీళ్లు పోయరు. పిట్టగోడ బయటి అంచుకు మాత్రం వద్దు, కింద మనుషులు నడుస్తుంటారు.

మట్టి కలపడం

మన చుట్టుపక్కల సులువుగా దొరికేది చెల్క మట్టి, అదే ఎర్రమట్టి. కుండీకి అదే మంచిది. నల్లరేగడి వద్దు. చెరువు పూడిక మట్టి సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే 2015లో మిషన్ కాకతీయ మొదలై చెరువుల పూడిక పొలాలకు తోలినప్పటి నుంచి దానికి మంచి పేరుంది. పొలంలో నిజంగానే బంగారం. బకెట్లో పోస్తే కథ వేరు. ఎండగానే గట్టిపడి, బకెట్ గోడ నుంచి విడిపోయి చుట్టూ సందు ఇస్తుంది. మీరు పోసిన నీళ్లు ఆ సందులోంచి జర్రున కిందికి పోతాయి. కింద నీళ్లు కారాయి కదా అని మీరు వెళ్లిపోతారు, మధ్యలో వేరు మాత్రం పొడిగా ఉంటుంది. వాడాలనుకుంటే ఎర్రమట్టిలో నాలుగో వంతుకు మించకుండా కలపండి.

గుబురు టమాట బకెట్‌కు నేను చెప్పే కొలత ఇది. ఎర్రమట్టి మూడు డబ్బాలు, బాగా మాగిన పశువుల పెంట గానీ వర్మీ కంపోస్ట్ గానీ మూడు డబ్బాలు, కోకోపీట్ (కొబ్బరిపీచు పొడి) రెండు డబ్బాలు, రైస్ మిల్లు పాత ఊక ఒక డబ్బా. దాంట్లో వేపపిండి రెండు గుప్పిళ్లు. వేలాడే బుట్టకు మట్టి సగానికి తగ్గించి కోకోపీట్ పెంచండి, బరువు తగ్గుతుంది. పెంట మాగిందో లేదో చేతిలోకి తీసుకుంటే తెలుస్తుంది. వేడి ఉండకూడదు, పేడ వాసన రాకూడదు, పొడిపొడిగా రాలాలి. పచ్చి పెంట వేస్తే వేరు మాడుతుంది, తెల్లటి వేరుపురుగు కూడా దాంతోనే వస్తుంది. కోకోపీట్ ఇటుకను నీళ్లలో నానబెట్టి, రెండుసార్లు పిండి పారబోయండి, దాంట్లో ఉప్పు ఉంటుంది. మిల్లు బూడిద దొరుకుతుంది కదా అని ఎక్కువ పోయకండి, గుప్పెడు చాలు.

అంతా కలిపి, తడిపి, వారం పది రోజులు నీడలో ఉంచి అప్పుడు నాటండి. గింజలు వేసిన రోజుల్లోనే మట్టి కలిపి పెట్టుకుంటే నారు ఎదిగేసరికి అది కూడా తయారవుతుంది.

నారు

ప్రోట్రేలో (నారు పెంచే గుంటల ట్రేలో) గానీ, పేపర్ కప్పులకు అడుగున చిల్లు పెట్టి గానీ, కోకోపీట్, వర్మీ కంపోస్ట్ సగం సగం నింపి, గుంటకు రెండు గింజలు అర సెంటీమీటర్ లోతులో వేయండి. ఐదు నుంచి ఎనిమిది రోజుల్లో మొలుస్తాయి. రెండూ మొలిస్తే బలహీనమైనదాన్ని పీకకుండా కత్తెరతో కత్తిరించండి, రెండోదాని వేరు కదలదు. సెప్టెంబర్‌లో వానలు ఇంకా పోవు. ట్రేలు రేకు కిందో బాల్కనీ అంచునో ఉండాలి, వెలుతురు తగలాలి, వాన తగలకూడదు. తడి ఎక్కువైతే మొలక నేల దగ్గర సన్నబడి పడిపోతుంది. అది నారుకుళ్లు. పడిపోయిన మొలకకు మందేమీ లేదు, ఆ ట్రేలో నీళ్లు తగ్గించండి.

ఈ దశలో అసలు శత్రువు తెల్లదోమ. ఆకుముడత వైరస్‌ను మోసుకొచ్చేది అదే. నారులో పట్టిందంటే ఆ మొక్క జీవితంలో కాయదు. నర్సరీ రైతులు 40 మెష్ (బాగా సన్న కళ్ల) నైలాన్ వల కింద నారు పెంచేది అందుకే. ఇంట్లో అయితే ట్రే మీద నాలుగు పుల్లలు గుచ్చి సన్నటి పాత వోణీ కప్పండి, అంచులు నేలకు ఆనేలా. మామూలు దోమతెర కళ్లు పెద్దవి, తెల్లదోమ వాటిలోంచి దూరిపోతుంది.

నాటడం

25 నుంచి 30 రోజులకు నారు జానెడు ఎత్తు అవుతుంది. సాయంత్రం పూట నాటండి. కింది రెండు ఆకులు తుంచేసి, కాండం సగం దాకా మట్టిలోకి దించండి. టమాట కాండం మీద సన్నటి నూగు కనిపిస్తుంది కదా, మట్టిలో పూడ్చిన ఆ భాగం నుంచి కొత్త వేర్లు పుడతాయి. వంకాయనో మిరపనో ఇంత లోతుగా పెట్టమని చెప్పను, టమాటకే ఈ సౌకర్యం. మూడు రోజులు నీడలో ఉంచి తర్వాత ఎండకు మార్చండి.

ఊతం అదే రోజు గుచ్చండి. గుబురు రకమే కదా ఎందుకు అనుకోవద్దు. కాయ దిగాక కొమ్మ విరుగుతుంది, అప్పుడు కర్ర గుచ్చితే వేరు తెగుతుంది. అంచు వెంట మూడు కర్రలు పాతి, సుతిలి తాడుతో రెండు వరుసలు చుట్టండి. వేలాడే రకానికి కర్ర వద్దు, కొమ్మ జారేటప్పుడు బుట్ట అంచు కోసుకోకుండా అక్కడ పాత గుడ్డ ముక్క చుట్టండి.

యూట్యూబ్‌లో చూసి పక్క కొమ్మలు గిల్లేవాళ్లు ఎక్కువయ్యారు. తీగ రకానికి అది సరే. గుబురు టమాటకు, వేలాడే టమాటకు పక్క కొమ్మల చివర్లలోనే కాపు. వాటిని గిల్లితే కాయల్ని గిల్లినట్టే. మట్టికి తగిలే కింది ఆకులు మాత్రం తీసేయండి.

నీళ్లు

కుండీ టమాటలో కాపు నిలబెట్టేదీ పోగొట్టేదీ నీళ్లే. రోజుకు ఇన్నిసార్లు అని గడియారం చూసి పోయకండి. వేలు రెండు కణుపుల దాకా గుచ్చి చూడండి, తడి తగిలితే ఆగండి, పొడిగా ఉంటే అడుగు నుంచి కారేదాకా పోయండి. చలికాలంలో బకెట్‌కు రోజుకు ఒకసారి, కొన్నాళ్లు రోజు విడిచి రోజు కూడా చాలుతుంది. బుట్టకు రోజూ కావాల్సిందే, ఫిబ్రవరి చివరి నుంచి రెండు పూటలా. పొద్దున పూట, మొక్క మొదట్లో పోయండి, ఆకు తడపకండి. మధ్యాహ్నం మిద్దె మీద పైపు తిప్పితే మొదట వచ్చే నీళ్లు కాగి ఉంటాయి, వాటిని పక్కన వదిలేయండి.

మట్టి పైన రెండు ఇంచుల మందాన వరిగడ్డి గానీ పల్లికాయ పొట్టు గానీ పరిస్తే తడి త్వరగా ఆరదు. బుట్ట పూర్తిగా ఎండిందా, పైనుంచి పోసిన నీళ్లు లోపలికి ఇంకవు, ఎండిన కోకోపీట్ నీళ్లను పట్టదు. బుట్టను దించి టబ్బులో పావుగంట కూర్చోబెట్టండి. బోరు నీళ్లు వాడేవాళ్లకు నెల తిరక్కముందే మట్టి మీద తెల్లటి పొర కడుతుంది. అది ఉప్పు. పైపొర గీకేసి, నెలకోసారి నల్లా నీళ్లో పట్టి పెట్టుకున్న వాన నీళ్లో బాగా పారించి కడగండి. కుండీల కింది పళ్లేల్లో నీళ్లు నిలవనీయకండి, డెంగీ దోమకు అదే చోటు.

కాయ అడుగున గుండ్రంగా, నల్లగా, తోలులా మచ్చ వస్తే చాలామంది తెగులు అనుకుని మందు కొడతారు. అది తెగులు కాదు. రెండు రోజులు ఎండగట్టి మూడో రోజు ముంచెత్తడం వల్ల కాయకు సున్నం అందక వస్తుంది. కోడిగుడ్డు పెంకుల పొడి వేస్తే ఆ కాపుకు అందదు, అది కరగడానికి నెలలు పడుతుంది. నీళ్లు క్రమంగా ఇస్తే తర్వాతి కాయలు బాగుంటాయి. కాయలు పగలడానికీ కారణం ఇదే.

పూత, ఎరువు

పూత వచ్చాక రోజూ పొద్దున తొమ్మిది, పదింటి మధ్య పూగుత్తి వెనక కాడను వేలితో రెండుసార్లు తట్టండి. టమాట పువ్వు తన పుప్పొడి తానే వాడుకుంటుంది, కాస్త అదిరితే చాలు. బయట ఈ పని గాలి, తేనెటీగలు చేస్తాయి, గ్రిల్లు బాల్కనీలో మీరే చేయాలి. పువ్వును దగ్గరగా చూడండి, తొడిమ మధ్యలో చిన్న కణుపు కనిపిస్తుంది. అక్కడ పసుపెక్కిందంటే ఆ పువ్వు రేపో ఎల్లుండో రాలుతుంది. కణుపు పచ్చగానే ఉండి, రేకులు ఎండి, లోపల ఆవగింజంత పచ్చటి బొడిపె కనిపిస్తే పిందె పడ్డట్టు.

మొదటి పిందె పడేదాకా పైన ఎరువేమీ వద్దు. ముందే నత్రజని ఎక్కువిస్తే మొక్క ఆకులతో ముచ్చటగా ఉంటుంది, పూత మాత్రం ఉండదు. పిందె పడ్డాక పదిహేను రోజులకోసారి గుప్పెడు వర్మీ కంపోస్ట్, ఆ మధ్యలో జీవామృతం ఇవ్వండి. ఇంటికి సరిపడా చేసుకోవాలంటే 20 లీటర్ల నీళ్లలో కిలో ఆవు పేడ, లీటరు ఆవు మూత్రం, 200 గ్రాముల బెల్లం, 200 గ్రాముల శనగపిండి, గట్టు మట్టి గుప్పెడు. నీడలో 48 గంటలు ఉంచి, రెండు పూటలా కర్రతో తిప్పి, పది రెట్లు నీళ్లు కలిపి మొక్క మొదట్లో పోయాలి. పేడ, మూత్రం దొరకని ఫ్లాట్ల వాళ్లు పల్లిపిండి చెక్క రెండు రోజులు నానబెట్టి, పలచగా చేసి పోయొచ్చు. కాకపోతే వాసనకు పక్కింటివాళ్లు తలుపు కొడతారు.

పురుగు, తెగులు

రోజూ ఆకు తిప్పి చూడటమే పెద్ద మందు. కొత్త చిగురు పైకి ముడుచుకుని, గిడసబారి, పసుపెక్కితే ఆకుముడత. దానికి వైద్యం లేదు, జాలి పడకుండా మొక్క పీకి సంచిలో మూటగట్టి పారేయండి, లేకపోతే పక్క మొక్కలకూ పాకుతుంది. తెల్లదోమకు పసుపు జిగురు అట్టలు రెండు వేలాడదీయండి. లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, అది కలవడానికి కాస్త కుంకుడు రసం వేసి, సాయంత్రం ఆకు కింది వైపు తగిలేలా వారానికోసారి కొట్టండి. ఆకుల మీద తెల్లటి వంకర గీతలు, మచ్చలు వస్తే ఆ ఆకు తుంచి నలిపేయండి. కింది ఆకుల మీద గుండ్రంగా వలయాలు వలయాలుగా గోధుమ మచ్చలు వస్తే ఆకుమాడు, ఆ ఆకులు తీసేసి గాలి ఆడనివ్వండి. బతుకమ్మకని పెంచిన బంతి మొక్కలు మిద్దె మీదే ఉంటే పీకకండి, కాయతొలుచు పురుగు తల్లి వాటి మీద ముందు గుడ్లు పెడుతుంది. మార్చిలో ఆకు వెనక సన్నటి గూళ్లు కనిపిస్తే ఎర్రనల్లి, అప్పటికి కాపు అయిపోవచ్చే ఉంటుంది, పెద్దగా పట్టించుకోనక్కర్లేదు.

కోత

నాటిన 55 నుంచి 65 రోజులకు మొదటి పండు వస్తుంది. చెర్రీ రకాలు ఓ వారం ముందే. బకెట్‌లో గుబురు మొక్క కిలోన్నర, రెండు కిలోలు ఇస్తే బాగా ఇచ్చినట్టే, అంతకన్నా పెద్ద లెక్కలు చెప్పేవాళ్లను నమ్మకండి.

కాయ అడుగున గులాబీ రంగు తిరగగానే కోసేయండి. అక్కడి నుంచి పండటానికి కాయకు చెట్టుతో పని లేదు, వంటింట్లో బుట్టలో నాలుగైదు రోజుల్లో పండుతుంది, రుచిలో పెద్ద తేడా ఉండదు. కోతులు, పక్షులు వచ్చేది ఎర్రటి రంగు చూసే. మార్చి ఎండల్లో ఇంకో లాభం కూడా ఉంది. 30 డిగ్రీలు దాటిన వేడిలో ఎరుపు రంగు సరిగా కట్టదు, చెట్టు మీదుంటే పండు నారింజ పసుపులో ఆగిపోతుంది, నీడలో ఎర్రబడుతుంది. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి, చప్పబడుతుంది. గ్రిల్లు లోపలి బుట్టకు ఈ టెన్షన్ లేదు, చెర్రీ పండ్లు నిండా ఎర్రబడ్డాకే తెంపుకోండి.

మార్చి చివరికి గుబురు మొక్క అలసిపోతుంది. మిగిలిన పచ్చికాయలన్నీ ఒకేసారి కోసి, పల్లీలు, పచ్చిమిర్చి వేసి తొక్కు నూరుకోండి. మొక్కను మొదలంటా పీకి, వేరు చూడండి. వేరు మీద ముడులు ముడులుగా ఉంటే నులిపురుగు ఉన్నట్టు, ఆ మట్టి మళ్లీ టమాటకు వాడకండి. ముడులు లేకపోయినా అదే మట్టిలో వెంటనే టమాట, వంకాయ, మిరప పెట్టొద్దు, అన్నీ ఒకే కుటుంబం, ఒకే రోగాలు. మట్టిని మిద్దె మీద ఆరేడు ఇంచుల మందాన పరిచి, తడిపి, పారదర్శక ప్లాస్టిక్ షీటు కప్పి, అంచులకు ఇటుకలు పెట్టి మే నెల మొత్తం వదిలేయండి. జూన్‌లో తొలకరి పడ్డాక దాంట్లో కొత్త పెంట కలిపి గోంగూరో బెండో వేసుకోవచ్చు.